ఆరేళ్లకి చదవడం రాకపోతే పిల్లాడు వెనకబడ్డట్టేనా?

ప్రశ్న: నమస్తే మేడమ్. మావారి ఉద్యోగం వల్ల ఏడాదిన్నర కిందట ఫిన్లాండ్ వచ్చాం. బాబుకి ఆరేళ్లు, పాపకి పదకొండు. బాబు ఇక్కడ ఎస్కారికి, అంటే ఒకటో తరగతికి ముందు ఏడాదికి, వెళ్తున్నాడు. రోజుకి నాలుగు గంటలు. వాన పడినా మంచు పడినా బయట ఆడిస్తారు, పాటలు పాడిస్తారు, కర్రముక్కలు చెక్కిస్తారు. ఇప్పటికీ వాడికి చదవడం రాదు. టీచర్‌ని అడిగితే 'తొందరేమీ లేదు, బాగున్నాడు' అంటుంది. వాడి ఈడువాడే అయిన మా ఆడపడుచు కొడుకు పేజీలకి పేజీలు రాస్తున్నాడు. వీడియో కాల్‌లో మా అత్తగారు ఇద్దర్నీ ప్రశ్నలు అడుగుతుంటే నాకు తల కొట్టేసినట్టుంటోంది. రోజూ రెండు గంటలు కూర్చోబెట్టమంటారు, వినకపోతే నాలుగు తగిలించమంటారు. పాపది ఇంకో బాధ. వెనకటి బడిలో ఎప్పుడూ ఫస్ట్ ర్యాంకే. ఇక్కడ ర్యాంకులే లేవు. 'నేను ఎన్నోదాన్నమ్మా?' అని అడుగుతుంది. క్లాసులో నోరు విప్పడం లేదని టీచర్ విల్మాలో, అంటే బడి నుంచి ఇంటికి సందేశాలు పంపే యాప్‌లో, రాసింది. టీచర్‌ని పేరు పెట్టి పిలవడం దానికి ఇప్పటికీ నోరు రావడం లేదు. రెండు మూడేళ్లలో తిరిగి వెళ్లిపోతామేమో కూడా. ఏ పద్ధతి సరైనది? మేం ఏం చేయాలి? – ఒక తల్లి

జవాబు:

అమ్మా,

ముందు మీ అబ్బాయి సంగతి చెప్తాను, మీకు నిద్ర పట్టనివ్వనిది అదే అనిపిస్తోంది కాబట్టి. వాడు వెనకబడలేదు. ఫిన్లాండ్‌లో ఒకటో తరగతి పిల్లలకి ఏడేళ్లు వచ్చే సంవత్సరం ఆగస్టులో మొదలవుతుంది. 1921లో ఆ దేశం నిర్బంధ విద్యా చట్టం తెచ్చినప్పటి నుంచీ ఏడేళ్లే. ఎస్కారిని 2015లో తప్పనిసరి చేశారు గానీ, పిల్లలకి చదవడం, రాయడం వచ్చేలా చేసి పైకి పంపాలన్న షరతు దానికి లేదు. మాటల్లోని శబ్దాలు చెవికి పట్టుకోవడం, ప్రాసలు, అక్షరాలతో కాస్త పరిచయం, పదిమందిలో మెలగడం, తన పని తను చేసుకోవడం, ఇవి చాలు అక్కడ ఆరేళ్లవాడికి. టీచర్ 'బాగున్నాడు' అన్నది మిమ్మల్ని ఊరడించడానికి కాదు. అక్కడి లెక్క ప్రకారం వాడు నిజంగానే బాగున్నాడు.

'ఏ పద్ధతి సరైనది?' అని అడిగారు. ఆ ప్రశ్నతో మొదలుపెడితే మీరు రోజూ ఏదో ఒక వైపు దోషిగా నిలబడాల్సి వస్తుంది. దాని బదులు ఇలా అడిగి చూడండి: ఇక్కడివాళ్లు పిల్లల నుంచి ఏ పనిని తొందరగా కోరుతున్నారు, ఏ పనికి ఆలస్యమైనా ఫర్వాలేదంటున్నారు? నాకు తెలిసినంతలో ఈ రెండూ లేని సమాజం లేదు. ఒకచోట నాలుగేళ్లకే అక్షరాలు దిద్దిస్తారు, పదేళ్లొచ్చినా ఒంటరిగా రోడ్డు దాటనివ్వరు. ఇంకోచోట ఏడేళ్ల దాకా చదవకపోయినా ఎవరూ ఏమీ అనరు, ఏడు రాగానే ఇంటి తాళంచెవి చేతికిచ్చి బడికి నడిచి వెళ్లమంటారు. పిల్లల పేర రెండు ఖాతాలున్నాయనుకోండి. మీ అత్తగారు చూస్తున్నది అందులో ఒకటే. ఆ ఖాతాలో వాడిది ఇప్పటికి తక్కువే. రెండోది వీడియో కాల్‌లో కనబడదు.

చదవడాన్ని ఫిన్లాండ్ అంత ధీమాగా వాయిదా వేయగలగడానికి వాళ్ల రాత ఒక పెద్ద కారణం. ఫిన్నిష్‌లో దాదాపు ఒక్కో ధ్వనికి ఒక్కో అక్షరం. పలికినట్టే రాస్తారు, రాసినట్టే చదువుతారు. 2003లో ఫిలిప్ సీమోర్ అనే పరిశోధకుడు సహచరులతో కలిసి యూరప్‌లోని 13 భాషల్లో పిల్లలు చదవడం ఎలా నేర్చుకుంటారో పోల్చి చూశాడు. ఒకటో తరగతి ముగిసేసరికి ఫిన్నిష్ పిల్లలు రోజూ కనబడే మాటల్లో నూటికి 98 సరిగ్గా చదివారు. ఇంగ్లీషులో చదువుకునే స్కాట్లాండ్ పిల్లలు తమ మొదటి ఏడాది చివర 34 చదివారు. స్కాట్లాండ్ పిల్లల్లో లోపమేమీ లేదు. వాళ్లు బడికి వచ్చింది ఐదేళ్లకి, పైగా ఇంగ్లీషు స్పెల్లింగు అంత మొండిది. మీ ఆడపడుచు కొడుకు ఇంగ్లీషులో నేర్చుకుంటుంటే ముందుగా మొదలుపెట్టడానికి వాడికొక కారణం ఉంది. మీవాడికి ఆ కారణం లేదు. వచ్చే ఏడాది ఈపాటికి మీవాడు ఫిన్నిష్‌లో చదువుతుంటాడని నేను గట్టిగా నమ్ముతున్నాను.

ఆలస్యంగా మొదలుపెట్టినవాళ్లు ఎప్పటికీ వెనకే ఉండిపోతారా అన్న భయం మీ ఒక్కరిదే కాదు. న్యూజిలాండ్‌లో సెబాస్టియన్ సగేట్ బృందం దీన్ని పరిశీలించింది. ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లకి చదవడం మొదలుపెట్టినవాళ్లని, చదవడం కావాలనే ఆలస్యంగా మొదలుపెట్టే స్టైనర్ పద్ధతి బడుల్లో ఏడేళ్లకి మొదలుపెట్టినవాళ్లని పోల్చారు. ఒకే దేశం, ఒకే భాష. మొదట్లో తేడా స్పష్టంగా ఉంది. పదకొండేళ్లు వచ్చేసరికి అది చెరిగిపోయింది. అయితే ఏడేళ్ల దాకా ఆగడమంటే ఏమీ చేయకుండా కూర్చోవడమని కాదు. ఆ వయసులో పిల్లలకి కథలు, మాటలు, పాటలు సమృద్ధిగా అందాలి. మీ ఇంట్లో అవి ఉన్నాయా అన్నది అక్షరాల కంటే ముందు చూసుకోవాల్సిన సంగతి.

అసలు ఏ వయసులో బడి మొదలవ్వాలన్నది కూడా ఎక్కడా పిల్లల మనసుని తూకం వేసి తేల్చిన లెక్క కాదు. ఇంగ్లండ్‌లో ఐదేళ్ల వయసు 1870 నాటి చట్టంతో వచ్చింది. ఐదు నుంచి పదమూడేళ్ల పిల్లల్ని బడికి రప్పించే అధికారం అది స్థానిక స్కూల్ బోర్డులకి ఇచ్చింది. ఫ్రాన్స్ 2019లో ఆరేళ్లుగా ఉన్న వయసుని మూడేళ్లకి దించింది. ఫ్రాన్స్ పసివాళ్లు ఆ ఏడాది హఠాత్తుగా ఎదిగిపోలేదు, ప్రభుత్వం నిర్ణయం మార్చుకుందంతే.

ఇదంతా విని నేను ఫిన్లాండ్‌ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోవద్దు. చాలా దేశాల పదిహేనేళ్ల విద్యార్థుల్ని పోల్చే పీసా పరీక్ష 2000లో మొదటిసారి జరిగినప్పుడు, చదవడంలో 546 పాయింట్లతో ఆ దేశం అందరికంటే పైన నిలిచింది. 2022 నాటికి 490కి పడిపోయింది. అదే 2022లో అన్నింటా మొదటి స్థానంలో ఉన్న సింగపూర్‌లోనూ ప్రైమరీ ఒకటి మొదలయ్యేది పిల్లలకి ఏడేళ్లు వచ్చే ఏడాదే. కానీ అక్కడి పిల్లలు చాలామంది అప్పటికే కిండర్‌గార్టెన్‌లో చదవడం నేర్చుకుని ఉంటారు, పన్నెండేళ్లకి పెద్ద పరీక్షకి కూర్చుంటారు. వయసు ఒకటే, బాల్యాలు రెండు. కాబట్టి ఒక దేశం నుంచి ఒక్క ముక్క, అంటే 'ఏడేళ్లకి బడి' అన్నదో 'రెండు గంటల చదువు' అన్నదో, విడదీసి తెచ్చుకుని ఇంకోచోట అతికించుకుంటే అది పనిచేయదు. ఫిన్లాండ్‌లో ఏడేళ్ల వెనక ఆ తేలిక రాత ఉంది, చిన్న తరగతులకి చెప్పడానికి కూడా మాస్టర్స్ డిగ్రీ చదివి వచ్చే టీచర్లు ఉన్నారు, తడబడే పిల్లల్ని తొలి తరగతుల్లోనే పక్కన కూర్చోబెట్టుకుని చెప్పే ప్రత్యేక టీచర్లు ఉన్నారు.

ఇక ఆ రెండో ఖాతా, అంటే పిల్లలు సొంతంగా చేసే పనుల, మోసే బాధ్యతల గురించి. దాన్ని మనం ఎప్పుడూ చదువు కింద జమ కట్టం, నాకు బాధ కలిగించేది అదే.

1950ల్లో జాన్ వైటింగ్, బియాట్రిస్ వైటింగ్ దంపతుల ఆధ్వర్యంలో పరిశోధకులు ఆరు చోట్ల ఉండి పిల్లల రోజువారీ ప్రవర్తనని రాసుకున్నారు. కెన్యా, మెక్సికో, ఫిలిప్పీన్స్, ఒకినావా, ఉత్తర భారతం, అమెరికాలోని న్యూ ఇంగ్లండ్. కెన్యాలోని గుసీ పల్లెలో చిన్నపిల్లలే తమ్ముళ్లని ఎత్తుకునేవారు, పశువుల్ని చూసేవారు. ఎదుటివాళ్ల అవసరం గమనించి సాయపడటంలో ఆ పిల్లలు ముందున్నారు. ఇంటి బాధ్యత తక్కువగా, బడిలో పోటీ ఎక్కువగా ఉన్న అమెరికన్ ఊళ్లో పిల్లలు పెద్దల దృష్టి తమమీద పడాలని కోరుకోవడం ఎక్కువగా కనబడింది. పిల్లల స్వభావాలు పుట్టుకతో వేరు కాబట్టి ఇలా జరిగిందని వాళ్లు అనలేదు. రోజంతా ఏ పని అప్పజెబుతామో పిల్లలు అలా తయారవుతారన్నారు.

గ్వాటెమాలాలోని మాయా అనే ఆదివాసీ సమాజాల్లో దశాబ్దాలు పనిచేసిన పరిశోధకురాలు బార్బరా రోగాఫ్ చెప్పిన సంగతి నాకు ఇంకా నచ్చుతుంది. ఆమె, మారిసేలా కొర్రెయా చావెజ్ కలిసి 2009లో ఒక ప్రయోగం ప్రచురించారు. తోబుట్టువులిద్దరిలో ఒకరికి బొమ్మ చేయడం నేర్పిస్తారు. రెండోవాళ్లని పక్కన ఊరికే కూర్చోమంటారు, వాళ్లకేమీ చెప్పరు. కొన్ని రోజుల తర్వాత ఆ రెండోవాళ్లని పిలిచి అదే బొమ్మ చేయమంటారు. సంప్రదాయ పద్ధతిలో పెరుగుతున్న మాయా పిల్లలు, అంటే తల్లులు బడికి పెద్దగా వెళ్లని ఇళ్ల పిల్లలు, పక్కవాళ్లకి చెప్తున్నప్పుడే గమనించి ఉంచుకున్నారు. వాళ్లకి తక్కువ సాయం సరిపోయింది. అమెరికన్ మధ్యతరగతి పిల్లలు తమకి చెప్పని పాఠాన్ని అంతగా పట్టించుకోలేదు. ఎవరూ నేర్పకపోయినా చూసి నేర్చుకోవడం ఎంత పెద్ద విద్య! మార్కుల కార్డులో దానికి గడి లేదు.

జపాన్ సంగతి మీరు వినే ఉంటారు. ప్రైమరీ బడి పిల్లలు తమ తరగతి గదులు, వరండాలు తామే ఊడ్చి తుడుస్తారు, వంతులవారీగా తెల్ల టోపీ, ఏప్రన్ వేసుకుని తోటివాళ్లకి మధ్యాహ్నం భోజనం వడ్డిస్తారు. అది సమయం మిగిలితే చేసే పని కాదు, చదువులో భాగం. అదే దేశంలో సాయంత్రం ట్యూషన్ బడులు కిటకిటలాడతాయన్నది కూడా నిజమే.

ఒక సమాజానికి సహజంగా అనిపించేది ఇంకో సమాజానికి ఎంత వింతగా తోస్తుందో చూపించడానికి 1980ల్లో జోసెఫ్ టోబిన్ అనే పరిశోధకుడు, ఇద్దరు సహచరులు ఒక పని చేశారు. జపాన్‌లోని క్యోటో, చైనాలోని కున్మింగ్, అమెరికాలోని హొనలూలూల్లో పసిపిల్లల బడుల్లో ఒక్కో రోజు వీడియో తీసి, మూడు దేశాల టీచర్లకీ తల్లిదండ్రులకీ అన్నీ చూపించారు. క్యోటో వీడియోలో నాలుగేళ్ల పిల్లాడొకడు తోటివాళ్లని కొడుతుంటే టీచర్ కలగజేసుకోదు. అమెరికన్లు నివ్వెరపోయారు. జపాన్ టీచర్ల మాట వేరు: పెద్దవాళ్లు ప్రతిదానికీ దూరితే పిల్లలు తమ తగాదాలు తామే తీర్చుకోవడం ఎప్పుడు నేర్చుకుంటారని. ఒక్క టీచర్‌కి ముప్ఫై మంది ఉండటం కూడా అందుకే మంచిదన్నారు. చైనా బడిలో పిల్లలు మాట్లాడకుండా ముక్కలు పేర్చి బొమ్మలు కడుతుంటే అది మిగతా రెండు దేశాలవాళ్లకి మరీ కట్టడిగా కనబడింది. మూడు చోట్లా టీచర్లు పిల్లలమీద ప్రేమ ఉన్నవాళ్లే. మీరు ఎస్కారి కిటికీలోంచి చూసి 'ఆటలేనా?' అనుకున్నప్పుడు, ఆటలో ఆ టీచర్ చూస్తున్నదేమిటో అడగండి. ఆమె దగ్గర ఖచ్చితమైన జవాబు ఉంటుంది.

మీ అబ్బాయి విషయంలో చేయాల్సిన పనులు ఇప్పుడు చెప్తాను. వచ్చే ఆగస్టులో వాడికి ఎదురయ్యే అసలు పరీక్ష నడక. ఒకటో తరగతి పిల్లలు చాలామంది ఒంటరిగానో, స్నేహితులతోనో నడిచి బడికి వెళ్తారు. వాడిని దానికి సిద్ధం చేయండి. ఈ వేసవిలో బడి దారి వాడితో కలిసి చాలాసార్లు నడవండి. తర్వాత వాడు ముందు, మీరు పది అడుగులు వెనక. ఆ తర్వాత మీరు మలుపు దగ్గరే ఆగిపోండి. తాళంచెవి వాడటం, తలుపు తెరుచుకోకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో, చలికాలం చీకట్లో కోటుకి రిఫ్లెక్టర్ పెట్టుకోవడం నేర్పండి. చలి బట్టలు, బూట్లు, గ్లవ్స్ వాడే వేసుకోవాలి. మీకు ఆలస్యమవుతున్నా చేయి పెట్టొద్దు. ఒకటో తరగతి రోజుకి నాలుగైదు పీరియడ్లతో ముగిసిపోతుంది, కాబట్టి బడి అయ్యాక పిల్లల్ని చూసుకునే మధ్యాహ్నం క్లబ్బు కావాలంటే దరఖాస్తు ముందుగానే పెట్టుకోండి. నాకు వచ్చే ఉత్తరాల్లో తల్లిదండ్రులు అక్షరాల గురించి అడిగినంతగా వీటి గురించి అడగరు. కొత్తచోట పిల్లలు మొదటివారం ఏడ్చేది మాత్రం ఎక్కువగా వీటికే.

చదువు వైపు, వాడికి రోజూ మీ భాషలో కథ చదివి వినిపించండి. వేలు అక్షరాల కింద కదలనివ్వండి, చదవమని అడగొద్దు. 'క' తో మొదలయ్యే మాటలు చెప్పుకోవడం, ప్రాస కలపడం, మెట్లు లెక్కపెట్టడం, పంచుకునేటప్పుడు ఎవరికెన్ని వస్తాయో తేల్చడం. వాడంతట వాడు 'ఇదేం అక్షరం?' అంటే అప్పుడు సంతోషంగా చెప్పండి, ఆపాల్సిన అవసరం లేదు. ఒక్క జాగ్రత్త: ప్రాస కలిసే మాటలు వాడి చెవికి తెలియకపోయినా, తన పేరులో మొదటి శబ్దం ఏదో ఎంత చెప్పినా పట్టుకోలేకపోయినా, వినికిడిమీద అనుమానం ఉన్నా, ఇంట్లో ఎవరికైనా చిన్నప్పుడు చదవడంలో చాలా ఇబ్బంది ఉండి ఉన్నా, ఆ సంగతి ఇప్పుడే టీచర్‌కి చెప్పండి. అప్పుడు 'తొందర లేదు' అన్న జవాబుతో సరిపెట్టుకోవద్దు. సాయం తొందరగా అడగడం మీ హక్కు.

రెండు గంటలు కూర్చోబెట్టే సంగతి. వద్దు. ఇంత చదువు రుద్దడంలో పేరుపడిన చైనాయే 2021లో ఒకటి రెండు తరగతులకి రాతపూర్వక హోంవర్క్ ఇవ్వకూడదని నియమం పెట్టింది. సియోల్‌లో ట్యూషన్ కేంద్రాలు రాత్రి పదింటికల్లా మూయాలని నిబంధన ఉంది. ఆ దారిలో చాలా దూరం వెళ్లినవాళ్లే పగ్గాలు వెనక్కి లాగుతున్నారు. దెబ్బల విషయం ఇంకా స్పష్టంగా చెప్పాలి. తల్లిదండ్రులైనా సరే పిల్లల్ని కొట్టడాన్ని స్వీడన్ 1979లో ప్రపంచంలో మొదటిసారి నిషేధించింది, ఫిన్లాండ్ 1983లో చట్టం చేసింది. చిన్న చెంపదెబ్బకి కూడా అది వర్తిస్తుంది. పిల్లాడు బడిలో చెబితే శిశు సంరక్షణ శాఖకి తెలియజేయడం టీచర్ల బాధ్యత. చట్టం లేకపోయినా నేను ఇదే చెప్పేదాన్ని. అక్షరం చూడగానే దెబ్బ గుర్తొచ్చే పిల్లాడు పుస్తకానికి దూరమవుతాడు. మీవారికి కూడా ఈ పేరా చూపించండి.

ఇప్పుడు మీ పాప. నిజం చెప్పాలంటే ఆ ఉత్తరంలో నన్ను ఎక్కువగా కదిలించింది ఆమె ప్రశ్న. 'నేను ఎన్నోదాన్ని?' ఆమెకి ర్యాంకు అంటే వట్టి అంకె కాదు, బడికి వెళ్లినప్పటి నుంచీ అందరూ ఆమెని గుర్తుపట్టిన పేరు. అది ఒక్కరోజులో పోయింది. కొత్తచోట ఆమె మెరుగ్గా చేస్తున్నా ఎవరూ 'ఫస్టు' అనడం లేదు. ఇది దుఃఖమే. దాన్ని 'ఇక్కడ ఒత్తిడి లేదు కదా, హాయిగా ఉండు' అని కొట్టిపారేయొద్దు.

ఫిన్లాండ్ బడుల్లో నాలుగో తరగతి నుంచి 4 నుంచి 10 దాకా అంకెల్లో గ్రేడులు ఇస్తారు, 8 అంటే బాగుందని. ర్యాంకులు కట్టరు. తొమ్మిదో తరగతి దాకా దేశమంతా కలిసి రాసే పరీక్ష లేదు, అది తొమ్మిది తర్వాత వచ్చే హైస్కూల్ చివర ఒక్కసారే వస్తుంది. పిల్లలు తమ పనిని తామే అంచనా వేసుకోవడం పాఠ్యప్రణాళికలోనే ఉంది. టీచర్‌తో జరిగే సమావేశంలో తల్లిదండ్రుల పక్కన పిల్లలూ కూర్చుని మాట్లాడతారు. మీ పాపకి ఇదంతా చెప్పండి. ఆటే మారిందని తెలియక ఆమె పాత ఆటలో తనని ఓడిపోయినదానిగా లెక్కవేసుకుంటోంది. ప్రతి ఆదివారం ఒక నోటుబుక్కులో రెండు వాక్యాలు రాయమనండి: పోయిన నెల రానిది ఇప్పుడేం వచ్చింది, ఇంకా ఏం రావడం లేదు. ఆ పుస్తకమే సమావేశానికి తీసుకెళ్లనివ్వండి.

పాత బడి నుంచి ఆమె తెచ్చుకున్నదాంట్లో పారేయకూడనిది కూడా ఉంది. 1980ల్లో హెరాల్డ్ స్టీవెన్సన్ బృందం మినియాపొలిస్, సెండాయ్, తైపే నగరాల్లో తల్లుల్ని అడిగితే, జపాన్, తైవాన్ తల్లులు పిల్లల ఫలితాన్ని కృషితో ముడిపెట్టారు. అమెరికన్ తల్లులు పుట్టుకతో వచ్చే తెలివికి ఎక్కువ బరువిచ్చారు. లెక్కల్లో వాళ్ల పిల్లలు వెనకున్నా బడిమీద ఎక్కువ తృప్తి పడ్డదీ వాళ్లే. కూర్చుని పని పూర్తిచేసే అలవాటు మీ పాపకి ఉంది. అది కొత్తచోట కూడా ఆస్తే. ర్యాంకు వదిలేసినా ఆ అలవాటుని వదలనివ్వకండి.

మౌనం గురించి టీచర్‌కి ఒక చిన్న ఉత్తరం విల్మాలో రాయండి. 2002లో హీజుంగ్ కిమ్ అనే పరిశోధకురాలు ప్రచురించిన ప్రయోగంలో, బొమ్మల్లో క్రమం కనిపెట్టే తర్క ప్రశ్నలు చేస్తూ ఆలోచనని పైకి చెప్పమంటే ఆసియా మూలాలున్న అమెరికన్ విద్యార్థుల ఫలితం తగ్గింది. యూరప్ మూలాలున్నవాళ్లకి తేడా రాలేదు. మాట్లాడకపోవడం ఆలోచించకపోవడం కాదని టీచర్లకి ఇంతకంటే బాగా చెప్పలేం. మా అమ్మాయి విని ఆలోచించి చెప్పడానికి అలవాటుపడింది, ప్రశ్న ముందురోజు ఇస్తే, లేదా ముందు ఇద్దరు ముగ్గురి జట్టులో మాట్లాడనిస్తే తేలికవుతుందని రాయండి. అదే సమయంలో పాపకి కూడా చెప్పాలి, ఆ బడిలో అభిప్రాయం చెప్పడం కూడా పాఠమే, సరైన జవాబు దొరికేదాకా ఆగక్కర్లేదని. రోజుకి ఒక్క మాట చాలు. టీచర్‌ని పేరుతో పిలవలేకపోతే 'ఓపె' అనమనండి. ఫిన్లాండ్ పిల్లలు టీచర్‌ని అలాగే పిలుస్తుంటారు, ఎవరికీ వింతగా ఉండదు, మీ పాపకి నోరూ వస్తుంది.

తిరిగి వెళ్లే విషయం మీ భయాల్లో న్యాయమైనది. దానికి ఇప్పటి నుంచి రోజూ యుద్ధం చేయక్కర్లేదు గానీ, ఒకటి మాత్రం ఇప్పుడే మొదలవ్వాలి. అది మీ భాష. మునిసిపాలిటీలు పిల్లల సొంత భాషలో వారానికి రెండు పీరియడ్ల దాకా తరగతులు నడపగలవు, తగినంతమంది పిల్లలు ఉంటేనే. మీ బడిలో అడగండి, తెలుగు కుటుంబాలు కలిసి అడిగితే ఇంకా మంచిది. ఐక్యరాజ్యసమితి 1989లో ఆమోదించిన బాలల హక్కుల ఒడంబడికలో 29వ అధికరణ చదువు లక్ష్యాల్లో ఒకటిగా చెబుతుంది: బిడ్డకి తన తల్లిదండ్రుల మీద, తన భాష మీద, తను పుట్టిన దేశం, ఉంటున్న దేశం రెండింటి విలువల మీద గౌరవం పెరగాలని. రెండూ అన్నారు, గమనించండి. ఫిన్నిష్‌లో చదవడం వచ్చిన ఆర్నెల్లకి మీవాడికి తెలుగు అక్షరాలు పరిచయం చేయండి. మన రాత కూడా పలికినట్టు చదివేదే. గుణింతాలు, ఒత్తులు ఎక్కువ కాబట్టి సమయం పడుతుంది, కానీ అక్షరాలు కలిపితే మాట అవుతుందన్న అసలు రహస్యం వాడికి అప్పటికే తెలిసి ఉంటుంది.

వెళ్లడం ఖాయమయ్యాక ఆఖరి ఆర్నెల్లు వేరు. వెళ్లబోయే బడి పాఠ్యపుస్తకాలు తెప్పించుకోండి. ఎక్కువసేపు చేత్తో రాయడం, గడియారం పెట్టుకుని పరీక్ష రాయడం అప్పుడు సాధన చేయించండి. పిల్లలిద్దరికీ అప్పుడు కూడా ఇదే చెప్పాలి: కొత్తచోట వేరేవి ముందు అడుగుతారు, మీరు తెలివితక్కువ వాళ్లయిపోలేదు అని. ఆ రోజున మీవాడికి ఒంటరిగా నడిచే స్వేచ్ఛ తగ్గిపోవచ్చు. దానికి కూడా వాడు బాధపడతాడు, సిద్ధంగా ఉండండి.

మిగిలింది మీ అత్తగారు. ఆవిడది మనవడి భవిష్యత్తుమీద బెంగే, వేరే ఏమీ కాదు. కానీ పిల్లలిద్దర్నీ తెరమీద పక్కపక్కన పెట్టి ప్రశ్నలడగడం ఆగాలి, ఆ మాట మీరు కాదు, మీవారు చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా ఆవిడకి వేరే పని ఇవ్వండి. వారానికొక కథ ఆవిడ చెప్పాలి, తర్వాతి వారం మనవడు అదే కథ ఆవిడకి తిరిగి చెప్పాలి, తెలుగులో, మొదటినుంచి చివరిదాకా. విన్నది క్రమం తప్పకుండా గుర్తుపెట్టుకుని చెప్పడం చదువుకి ఎంత బలమైన పునాదో ఎస్కారి టీచర్‌ని అడిగినా చెబుతుంది. కథ అయ్యాక, వాడు చెక్కిన కర్రబొమ్మ ఎలా చేశాడో నానమ్మకి చూపించనివ్వండి. ఆవిడ అడిగే ప్రశ్నలకి అప్పుడు వాడే జవాబు చెబుతాడు.